తాళం పడిన చెక్కుడు గది గురించి సామాజిక భవన పాలకమండలికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాలకమండలి అధ్యక్షులకు, సభ్యులకు, నిర్వహణాధికారి గారికి,

నమస్కారాలు.

కొయ్య చెక్కేవారి సంఘం కార్యదర్శిగా, సభ్యులందరి సమ్మతితో ఈ లేఖ రాస్తున్నాను. ఇదే విషయంపై ఇంతకుముందు మూడు అర్జీలు ఇచ్చాము. మొదటిదానికి అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. రెండోదాని గురించి అడిగితే పరిశీలనలో ఉందన్నారు. మూడోదానికి ఆ మాటైనా రాలేదు, ఈలోగా గది తలుపుకు కొత్త తాళం పడింది. ఇన్నేళ్ళు ఆ గదిని వాడుకోనిచ్చినందుకు మాకు కృతజ్ఞత ఉంది. ఆ మాట ముందే చెప్పుకుని అసలు విషయానికి వస్తాను.

భవనం వెనుక భాగంలోని గదిలో మా సభ్యులు వారానికి రెండు సాయంత్రాలు, ఆదివారం ఉదయం కూర్చుని చెక్కుకునేవారు. మొదట ఆదివారాలు ఆపమన్నారు, ఆపాము. తరువాత సాయంత్రాలు రెండింటిని ఒకటి చేశారు, సర్దుకున్నాము. చివరికి వచ్చిన నోటీసులో గదిని పాత దస్త్రాలు దాచడానికి తీసుకుంటున్నామనీ, కలపను పదిహేను రోజుల్లో పెరట్లోని రేకుల పందిరి కిందికి మార్చుకోవాలనీ, కావాలంటే వారానికి రెండు గంటల చొప్పున పైఅంతస్తు హాలును అడిగి తీసుకోవచ్చుననీ ఉంది. కారణాలుగా దుమ్ము, చప్పుడు, పదునైన పనిముట్లు, అగ్నిప్రమాద భయం అనే నాలుగు మాటలు రాశారు. ఆ నాలుగింటిలో ఒక్కదానిపైన కూడా మమ్మల్ని పిలిచి అడిగినవారు లేరు.

ఎదుటివారి తప్పు ఎత్తే ముందు మా తప్పు చెప్పుకోవడం న్యాయం. ఒక సాయంత్రం మాలో ఒకరు, చెక్కిన గిన్నెకు అవిసె నూనె పట్టించి, తుడిచిన గుడ్డను ఉండచుట్టి చెత్తబుట్టలో పడేసి వెళ్ళారు. మరునాడు పొద్దున ఊడవడానికి వచ్చినావిడ బుట్టలోంచి పొగ రావడం చూసి నీళ్ళు పోశారు. ఆవిడ గంట ఆలస్యంగా వచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. అవిసె నూనె వంటివి నీటిలా ఆవిరైపోయి ఆరేవి కావు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడతాయి, ఆ కలయికలో వేడి పుడుతుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి ఎప్పటికప్పుడు గాలికి పోతుంది. ఉండచుట్టి ఉంటే లోపలే పేరుకుని, కొన్ని గంటల్లో, అగ్గిపుల్ల తగలకుండానే అంటుకోగలదు. ఈ సంగతి మాలో పాతవారికి తెలుసు, కొత్తవారికి చెప్పలేదు. ఆ మరుసటి రోజే నూనె పని గదిలో నిషేధించాము. నూనె పూయడం బయట అరుగు మీద మాత్రమే జరగాలని, గుడ్డలను అక్కడే విప్పి ఆరేయాలని, లేదా నీళ్ళు పోసిన మూత ఇనుప డబ్బాలో వేయాలని రాసి గోడకు అంటించాము. ఆ కాగితం ఇప్పటికీ మీ తాళం వెనుక గోడమీదే ఉంది. తప్పు జరిగినప్పుడు మందలించడానికి మీకు హక్కు ఉంది. దిద్దుకున్న తరువాత కూడా దాన్నే కారణంగా చూపడం మాత్రం మాకు అర్థం కాలేదు.

ఇక మిగిలిన విషయాలు వరుసగా మనవి చేస్తాను.

1. దుమ్ము గురించి మీ భయం నిరాధారం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రచురించిన సంపుటంలో చెక్క దుమ్మును మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపలా, దాని చుట్టూ ఉన్న గాలిగదుల్లోనూ వచ్చే క్యాన్సర్లతో దానికి సంబంధం ఉన్నట్టు తేల్చింది. మేము దీన్ని తేలికగా తీసుకోవడం లేదు. అయితే ఊపిరిలోకి పోయే ఆ సన్నటి ధూళి ముఖ్యంగా యంత్రపు రంపం తిరిగినప్పుడు, ఉప్పు కాగితంతో రుద్దినప్పుడు పుడుతుంది. చేతి ఉలి, చాకు చెక్కను పొరలు పొరలుగా లేపుతాయి. ఆ పొరలు కాళ్ళ దగ్గర పడతాయి, చీపురుతో ఎత్తితే పోతాయి. మా గదిలో ఒక్క యంత్రం కూడా లేదు. ఉప్పు కాగితం వాడకం కూడా మానేశాము, ఎందుకంటే నిజంగా పదునైన అంచుతో తీసిన చివరి పొర మీద ఉప్పు కాగితం రుద్దితే నునుపు పెరగకపోగా మెరుపు పోతుంది. గది చూడకుండా నోటీసు రాసినవారికి ఈ తేడా తెలిసే అవకాశం లేదు.

2. చప్పుడు నిజమే. కొయ్య సుత్తితో ఉలిని కొడితే బల్ల కాళ్ళ గుండా పఠన మందిరానికి వినబడుతుందని పాఠకులు చెప్పిన వారమే కాళ్ళ కింద దళసరి రబ్బరు ముక్కలు వేశాము. పఠన మందిరం మూసే దాకా సుత్తి పట్టకూడదని నియమం పెట్టుకున్నాము. ఆ తరువాత ఫిర్యాదు వచ్చినట్టు మాకు తెలియదు. వచ్చి ఉంటే చూపించండి.

3. పదునైన పనిముట్లు ప్రమాదకరమని నోటీసులో ఉంది. ఈ పని చేసేవారెవరిని అడిగినా ఇందుకు ఎదురే చెబుతారు. మొద్దుబారిన చాకు చెక్కలోకి దిగదు కాబట్టి మనిషి బలం పెడతాడు, ఒక్కసారిగా జారినప్పుడు ఆ బలమంతా రెండో చేతి మీదికి వస్తుంది. ఇన్నేళ్ళలో మా దగ్గర కుట్లు వేయాల్సిన గాయాలు రెండు జరిగాయి, రెండూ మొద్దు చాకులతోనే. అప్పటినుంచి కొత్తగా చేరినవారికి మొదటి నెల బొమ్మ ముట్టనివ్వము. సానరాయి మీద అంచు తీయడం, తోలుపట్టీ మీద వెనక్కి లాగుతూ మెరుగు పెట్టడం, అంతే. ఆ పదును సరిపోయిందో లేదో చెప్పడానికి పరీక్షాధికారి అక్కరలేదు. మెత్తటి చెక్కను అడ్డంగా ఒక కోత కోస్తే కోసిన చోటు తళతళలాడాలి. అందులో సన్నటి తెల్లగీత కనిపిస్తే అంచులో ఎక్కడో నొక్కు ఉన్నట్టే, మళ్ళీ రాయి దగ్గరికి వెళ్ళాలి. పదిహేనేళ్ళ పిల్లవాడొకడు ఆ తెల్లగీత పోయేదాకా మూడు సాయంత్రాలు రాయి వదలలేదు. వాడిని ఓపిక లేనివాడని బడిలో అంటారట.

చెక్కను పట్టుకునే చేతికి కోత తగలని తొడుగు, బొటనవేలికి తోలు తొడుగు మా దగ్గర తప్పనిసరి. ఆ తొడుగులు జారే అంచును ఆపుతాయే గానీ గుచ్చుకునే మొనను ఆపలేవు కాబట్టి, ఉలి పట్టినప్పుడు చెక్కను పనిబల్లకు బిగించి రెండు చేతులూ అంచుకు వెనుకే ఉంచాలని కూడా నేర్పుతాము. ఇక్కడే మీరు చూపిన ప్రత్యామ్నాయంలోని లోపం బయటపడుతుంది. పైఅంతస్తు హాలులో ఉన్నవి మడత బల్లలు. వాటి మీద చెక్క నిలవదు, బిగింపు పట్టదు, సుత్తి దెబ్బకు బల్లే నడుస్తుంది. భద్రత పేరుతో మమ్మల్ని నిలకడగల బల్ల మీది నుంచి ఊగే బల్ల మీదికి పంపుతున్నారు.

4. కలప సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని పందిరి కిందికి మార్చమనడం సామాను జరపమన్నంత సులువుగా రాశారు. ఆ గదిలో పేర్చి ఉన్న పలకలు చాలావరకు గాలివానకు కూలిన చెట్లవి, పొయ్యిలోకి పోవలసినవి. పచ్చి కలపలో నీరు రెండు చోట్ల ఉంటుంది, కణాల బోలులోనూ, కణాల గోడల్లోనూ. బోలులోని నీరు పోతున్నంతసేపు చెక్క ఆకారం దాదాపు మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది, అప్పుడే చెక్క కుంచించుకుంటుంది. అదైనా అన్ని వైపులా సమానంగా కాదు. దుంగ అడ్డకోతలో కనిపించే వలయాల వెంబడి కుంచించుకునేది, చేవ నుంచి బెరడు వైపుకు కుంచించుకునేదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. తొందరపెట్టి ఎండబెట్టిన దుంగ అందుకే పగులుతుంది. పలకల కొసలకు మైనం పూసి, మధ్య మధ్య సన్నటి చెక్క బద్దలు పెట్టి, గాలి ఆడేలా నీడలో పేర్చి వదిలేయాలి. అంగుళం మందానికి ఏడాది అన్నది పాతకాలపు లెక్క. మా మూడంగుళాల పలకలు ఇప్పుడు రెండో ఏడాదిలో ఉన్నాయి. వాటిని మూడు వైపులా తెరిచిన పందిరిలో ఎండకూ జల్లుకూ వదిలేస్తే ఒక్క కాలం గడిచేసరికి వంట చెరకు అవుతాయి. రెండో ఏడాదిగా ఎదురుచూస్తున్న సరుకు అది, డబ్బు పెట్టి రేపు తెచ్చుకునేది కాదు.

ప్రసంగవశాత్తు ఒక మాట. వానాకాలంలో ఆ గది ఉత్తరపు గోడ చెమ్మగిల్లుతుంది. అది తెలిసే మేము కలపను గోడకు మూరెడు ఎడంగా పేర్చాము. కాగితాలకు చెక్కకున్న ఓర్పు ఉండదు. దస్త్రాల మేలు కోరి చెబుతున్నాము.

5. ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైనది. వారానికి రెండు గంటలు హాలు ఇస్తామన్నాం కదా, ఇంకేం పోయిందని మీ కార్యాలయంలో ఒకరు అన్నారు. ఏం పోయిందో చెబుతాను. మా గదిలో గోడ పొడవునా ఒక అలమర ఉంది. అందులో సగం చెక్కిన వస్తువులు ఉంటాయి. చెవులు తేలి ముఖం ఇంకా తేలని ఏనుగు, తొలిచిన గిన్నె, పిడి మాత్రమే నునుపైన గరిటె, ఒక్కొక్కదాని కింద పేరు రాసిన చీటీ. వారం వారం మనిషిని తిరిగి రప్పించేది ఆ సగం పనే. ఇంటికి పట్టుకుపోయిన పని ఇంటి పనుల్లో కలిసిపోతుంది. అలమరలో వదిలి వెళ్ళిన పని ఎదురు చూస్తుంది.

మా సభ్యుల్లో ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన ఒకరున్నారు. భార్య పోయాక, కొడుకు బలవంతం మీద వచ్చి చేరారు. మొదటి రెండు వారాలు కుర్చీలో కూర్చుని చూసి వెళ్ళారు. చేయి వణుకుతుంది, తనవల్ల కాదన్నారు. బొటనవేలిని చెక్క కొసకు ఆనించి, మిగిలిన నాలుగు వేళ్ళతో చాకును నెమ్మదిగా దగ్గరకు మూసే పట్టు ఒకటి ఉంది, అందులో చేతికి చెక్కే ఆసరా అవుతుంది. ఆ పట్టు నేర్పాము. చెంచా మొదలుపెట్టారు. ఆ చెంచా ఎనిమిది నెలలుగా పూర్తి కాలేదు, పూర్తి చేయాలన్న తొందర ఆయనకున్నట్టూ మాకు కనిపించలేదు. ఒకసారి వరుసగా రెండు వారాలు రాలేదు. అలమర తుడుస్తున్న సభ్యురాలు ఆ చెంచా మీద దుమ్ము చూసి, ఎందుకో మనసు ఒప్పక, మరో ఇద్దరిని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళారు. స్నానాల గదిలో జారిపడి తుంటి నొప్పితో మంచం పట్టి ఉన్నారు ఆయన. ఊళ్ళో లేని కొడుక్కి చెప్పలేదు, మాకూ చెప్పలేదు. ఆస్పత్రికి తీసుకువెళ్ళింది మా వాళ్ళే. మా హాజరు పట్టీ ఆ అలమరే, సార్. అడిగి తీసుకునే హాలులో అలమర ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నవంబరులో మనుషుల మధ్య అనుబంధాల కోసం ప్రత్యేకంగా ఒక కమిషన్‌ను ఏర్పాటు చేసింది. ఆ కమిషన్ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఆ ఆరో మనిషి ఒక్కో ఊళ్ళో ఎక్కడ కూర్చుని ఉంటాడో నివేదికలు చెప్పలేవు. మాకు మాత్రం కిటికీ పక్క మూడో కుర్చీ అని తెలుసు.

ఇక రెండు గంటల లెక్క. పనిముట్ల పెట్టె మెట్లెక్కించడం, గుడ్డ పరచడం, బల్లలు విప్పడం, చివర అన్నీ ఊడ్చి సర్ది మళ్ళీ దించడం పోగా చేతికి మిగిలేది గంట. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఆ గంట కూడా మిగలదు, వారు పైఅంతస్తు ఎక్కలేరు.

6. దీనివల్ల నష్టపోయేది ఎవరన్నది కూడా చూడండి. సొంత ఇంట్లో పనిబల్ల వేసుకోగల స్థలం, సొంత ఉలుల జత కొనగల స్తోమత ఉన్నవారికి మా సంఘం అవసరం తక్కువ, గది మూసినా వారి పని ఆగదు. ఆగేది అద్దె ఇళ్ళలో రెండు గదుల్లో సర్దుకునేవారిది, చెత్త పడితే ఇంట్లో మాట పడే ఆడవాళ్ళది, ఒక జత ఉలులను వంతులవారీగా వాడుకునే పిల్లలది. చేతిపనిని చదువులో చేర్చాలన్నది మనం కొత్తగా కనిపెట్టింది కాదు. ఫిన్లండ్ 1866లోనే బడుల్లో దాన్ని తప్పనిసరి చేసింది. 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ చేతివృత్తి కేంద్రంగానే చదువు సాగాలన్నారు. సభల్లో ఈ మాటలకు అందరం చప్పట్లు కొడతాము, కొట్టి వచ్చి గదికి తాళం వేస్తాము.

చెక్కను ఎంచుకునే జ్ఞానం పుస్తకంలో చదివితే రాదు. కొండపల్లి బొమ్మకు తేలికైన తెల్ల పొణికి, ఏటికొప్పాక లక్క బొమ్మకు అంకుడు ఎందుకు కుదిరాయో చేతిలో పట్టుకుని కోసి చూసినవాడికే బోధపడుతుంది. నార ఎటు వాలిందో, కణుపు దగ్గర ఉలిని ఎటు తిప్పాలో పక్కన కూర్చున్నవాడు మోచేతితో తట్టి చెబితేనే తెలుస్తుంది. ఆ పక్కన కూర్చోవడానికే స్థలం అడుగుతున్నాము.

కాబట్టి మా కోరికలు ఇవి. మొదటిది, ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లోగా, గది ఎందుకు తీసుకున్నారో, ఏ నియమం ప్రకారం తీసుకున్నారో రాతపూర్వకంగా తెలపాలి. రెండోది, అగ్నిమాపక విషయాలు తెలిసిన వ్యక్తితో కలిసి పాలకమండలి సభ్యులు గదిని స్వయంగా చూడాలి. లోపాలుంటే జాబితా ఇస్తే మా ఖర్చుతో దిద్దుకుంటాము, దిద్దుకోలేకపోతే మేమే ఖాళీ చేస్తాము. మూడోది, నిర్ణయం తేలేదాకా కలపను కదిలించకూడదు, ఎవరూ మోసుకుపోకూడదు. నాలుగోది, దస్త్రాలకు చోటు తప్పనిసరి అయితే గదిని అడ్డుతెరతో సగం చేయండి, లేదా కింది అంతస్తులోనే, ఎంత చిన్నదైనా సరే, కదలని బల్ల, తాళం ఉన్న అలమర పట్టే గది మరొకటి చూపండి. గంటల లెక్కన హాలు మాత్రం మాకు ప్రత్యామ్నాయం కాదు. ఐదోది మా ఒక్కరి కోసం కాదు: ఈ భవనాన్ని వాడుకునే సంఘాలన్నింటి తరఫున ఒక ప్రతినిధిని పాలకమండలి సమావేశాలకు పిలవాలి, ఏ గదినైనా తీసుకునే ముందు కనీసం రెండు నెలల గడువు ఇవ్వాలి. ఈరోజు మా తలుపుకు పడిన తాళం రేపు కుట్టుపని నేర్చుకునేవారి తలుపుకు పడవచ్చు.

వీటన్నింటికన్నా ముందు ఒక చిన్న పని ఉంది, దానికి తీర్మానం అక్కరలేదు. ఏదో ఒక రోజు అరగంట తాళం తీయించండి. అలమరలోని సగం పనులను ఎవరివి వారికి ఇచ్చుకుంటాము. పెద్దాయన తుంటి నయమై చేతికర్రతో నడుస్తున్నారు, తన చెంచా గురించి రెండుసార్లు అడిగారు.

అంతవరకు ప్రతి ఆదివారం ఉదయం భవనం బయటి మెట్ల మీద కూర్చుంటాము. చాకు పని మాత్రమే చేస్తాము, సుత్తి తేము. కింద దుప్పటి పరుస్తాము, చీపురు మేమే తెచ్చుకుంటాము. మీలో ఎవరైనా వస్తే కూర్చోవడానికి మెట్టు మీద చోటు ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి,
కొయ్య చెక్కేవారి సంఘం సభ్యులందరి తరఫున